మచ్చు ముక్క

“దారిలో చెప్పింది గుర్తుందిగా?” బట్టల వ్యాపారి వంగి పాప చెవిలో అడిగాడు.

పాప పెదాల మీద వేలేసుకుని తలూపింది. దానికి ఇదంతా ఆట.

బాలబడి హాల్లో ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కొత్తగా చేరబోయే పిల్లలందరికీ ఆ రోజు పరీక్షలు. మాట, వినికిడి, చూపు, చేతివేళ్ళ పని, అన్నీ చూస్తారు. ఎక్కడైనా తేడా ఉంటే అక్కడే చెప్పేస్తారు. ఆయన భయమల్లా ఆ తేడా అనే మాటతోనే.

చిన్నప్పటినుంచీ కొట్టులో పెరిగినవాడు. తానులో ఒక్కచోట డాగు ఉందని తెలిస్తే చాలు, మిగతాదంతా బాగున్నా బేరం సగానికి దిగుతుంది. పిల్ల సంగతి అంతకంటే ఘోరం. బంధువుల్లో ఒక్కరి చెవిన పడితే పెళ్ళినాటిదాకా మోస్తారు. అందుకే నలుగురి ముందు పరిచే మచ్చు ముక్క ఎప్పుడూ మంచిదై ఉండాలి. అది ఆయన సూత్రం.

పొద్దున బయల్దేరుతుంటే భార్య పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి, “తప్పు చేస్తున్నామేమోనండీ,” అంది.

“తప్పొప్పులు తర్వాత. ముందు గండం గట్టెక్కనీ.”

ఆవిడ మాట ఇప్పుడు కొత్త చొక్కాలో మర్చిపోయిన గుండుసూదిలా గుచ్చుతోంది.

పక్కన కూర్చున్న తల్లి తన కొడుకు బూటు లేసు కడుతూ పలకరించింది. “మా వాడికి మాట ఆలస్యమన్నారండీ. ఇక్కడే ఆటలాడిస్తూ మాటలు నేర్పుతారట. ఇప్పుడే తెలిసింది, నయం.”

నవ్వుతూనే చెప్పింది. డాగు తానే చూపించి నవ్వే మనిషిని ఆయన అంతవరకూ చూడలేదు.

పాప వంతు వచ్చింది.

“నీ పేరేంటి బంగారం?” పరీక్షలు చేసే మేడమ్ అడిగింది.

పాప ఆయన వైపు చూసి కిసుక్కున నవ్వింది. కాస్త ఆగి చెప్పింది. ఆయన ఊపిరి వదిలాడు.

ఆ తర్వాత ఇక ఆగలేదు. బొమ్మ చూపిస్తే కథ అల్లింది. రంగులన్నీ చెప్పింది. పిల్లి ఎలా అరుస్తుందంటే హాలంతా తిరిగి చూసేలా అరిచింది.

“మీ నాన్నేం చేస్తారు?”

“రైలు నడుపుతాడు!”

ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“బట్టల కొట్టన్నారు! అది పట్టాల మీద నడుస్తుందా ఏమిటండీ?” మేడమ్ పకపకా నవ్వింది.

“పిల్లల మాటలు కదండీ... కుర్చీలు వరసగా వేసి ఆడుతుంటుంది.”

“మాటకి మాత్రం ఏ లోటూ లేదు. ఇంకో నలుగురికి అప్పివ్వొచ్చు.”

అనుకున్న పని అయింది. లాభమే. అయినా దొంగ సరుకు కొట్లోకి దింపించుకున్నట్టుంది ఆయనకి.

తర్వాత చూపు. కుడి కన్ను మూసి, దూరంగా పెట్టిన బొమ్మలు చెప్పమంది మేడమ్. పాప ఇంటిని చూసి చెట్టంది. గొడుగుని చూసి బంతంది. కంటి మీది చెయ్యి జరిపి తొంగిచూడబోయింది.

మేడమ్ మళ్ళీ మళ్ళీ చూసింది. ఈసారి నవ్వలేదు.

“ఎడమ కంటికి సరిగా ఆనడం లేదండీ. పనంతా కుడి కన్నే లాక్కొస్తోంది, అందుకే ఇంట్లో తెలియలేదు. భయపడకండి. వెంటనే కంటి డాక్టరుకి చూపించండి. మంచి కంటికి పట్టీ వేసి, నీరసించినదానితో పని చేయిస్తారు. ఈ వయసులో అయితే దారికొస్తుంది. ఆలస్యం చేస్తేనే కష్టం. ఇవాళ మీరు తీసుకొచ్చారు కాబట్టి దొరికింది.”

తిట్టినా అంత తగిలేది కాదు.

లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. నోరు మూసుకుంటే తన పరువు మిగులుతుంది, పాప కన్ను పోతుంది. నోరు తెరిస్తే కన్ను దక్కుతుంది, పరువు పోతుంది. తూకం వేయాల్సిన పనే లేదు. అయినా తక్కెడ ముల్లు కాసేపు అటూ ఇటూ ఊగింది.

“మేడమ్, మాట ఆలస్యమైన పిల్లల్ని ఎప్పుడు తీసుకురావచ్చు?”

“ఎప్పుడైనా. ఎవరున్నారు?”

“తెలిసినవాళ్ళ పిల్ల,” అన్నాడు. అని తల దించుకున్నాడు.

డాక్టరు చిరునామా జేబులో పెట్టుకుని, పాపని ఎత్తుకుని నడిచాడు.

“ఆట అయిపోయిందా?” పాప అడిగింది.

“అయిపోయిందమ్మా. ఇక అన్నీ చెప్పేయొచ్చు.”

“నేను గెలిచానా?”

“నువ్వు గెలిచావు తల్లీ.”

రెండు వీధులు దాటి, ఒక మేడ మెట్లెక్కి, చాలాసేపు నిలబడి గంట నొక్కాడు.

రైలు డ్యూటీ దిగి ఇంకా యూనిఫాం కూడా విప్పని బావ తలుపు తీయగానే, పాప “నాన్నా!” అంటూ వ్యాపారి చంకలోంచి బావ మెడ మీదికి దూకింది.