కొయ్యచేప కుంటి ఈత

మడుగంతా ఏలి ముసలిదైన నీటికుక్కకు చేపల్ని తరిమే ఓపిక తగ్గింది. తరమడమెందుకు, వాటినే ఒడ్డుకు రప్పిస్తే సరి అనుకుంది. గట్టు మీద పడి ఉన్న విరిగిన తెడ్డుముక్కను పళ్లతో చెక్కి కొయ్యచేప చేసింది. కళ్లకు గురివింద గింజలు అతికించింది. ఒక పక్కన మాత్రం కావాలనే కాస్త ఎక్కువ చెక్కింది. కుంటుతూ ఈదే చేపను చూస్తే ఏ వేటగాడూ, చిన్న చేపల్ని మింగే కొరమీనైనా సరే, ఊరుకోడని దానికి తెలుసు.

కొమ్మ మీది లకుముకిపిట్ట పకపకా నవ్వింది.

"తాతా, నీ చేప ఒక పక్కకి ఒరిగిపోయింది! రోజూ చేపలు తినేదాన్ని, నాకు తెలీదా? దీన్నెవరు నమ్ముతారు?"

"చూద్దాంలేవే" అంటూ నీటికుక్క దానికి నారతాడు కట్టి, నీళ్లలో వేసి లాగింది. కొయ్యచేప దెబ్బతిన్నదానిలా మెలికలు తిరుగుతూ ఈదింది.

పిట్టకు నోరూరింది. రివ్వున దూకి ఠక్కున పొడిచింది. ముక్కు కొయ్యలో దిగబడిపోయింది.

నీటికుక్క తాపీగా దాని ముక్కును కొయ్యలోంచి బయటికి లాగింది.

"నమ్మనిదానివే ఇంత గట్టిగా పొడిచావు. ఇక నమ్మే కొరమీనును రానీ, తప్పుకో!"