ఆరో ట్రాక్‌లో డప్పు

బేస్ గిటారిస్ట్ జయదేవ్ అంకుల్ ఏడు దేశాల వాద్యాలతో చేసిన ఆల్బమ్ ఈరోజే కెనడాలో, మా మిస్సిసాగాలో రిలీజైంది. కవర్ వెనక నా పేరు వెతికాను. ఆరో ట్రాక్ దగ్గర ‘డప్పు: జానపదం’ అని మాత్రమే ఉంది.

“వాయించింది నేను కదా అంకుల్?”

“స్టూడెంట్స్ ఎక్కువైపోయారని ఇమ్మిగ్రేషన్‌వాళ్లు అన్నీ చూస్తున్నారు ధరణీ. స్టడీ పర్మిట్ మీదున్నావు. నీ మంచికే పేరు తీసేయించా.”

థాంక్స్ చెప్పాను.

రికార్డింగ్ రోజు అంకుల్ మా నాన్న ఏం చేస్తాడని అడిగితే, క్రెడిట్స్ కోసమే అనుకున్నాను. ఊళ్లో డప్పు కొట్టేది నాన్నేనని గర్వంగా చెప్పాను.

కవర్ మళ్లీ చూశాను. సెతార్ అనే తీగవాద్యం వాయించిన ఇరాన్ అమ్మాయి పేరు నిండుగా ఉంది. ఆమెదీ నా కాలేజీయే, స్టడీ పర్మిటే. ఆ రోజు నా పక్కనే కూర్చుంది.

వాళ్ల నాన్న ఏం చేస్తాడని అంకుల్ ఆమెను అడగలేదు.