వసూలు బావ వాలుకుర్చీ

“ఎక్కడున్నారు?” అంది భార్య ఫోన్లో.

“ఎయిర్‌పోర్టులో.”

“అప్పుడేనా? విమానానికి ఇంకా బోలెడు టైముందిగా.”

“విమానం కోసం కాదే, లాంజ్ కోసం. అక్కడ ఊరికే తిననిచ్చే కార్డు గడువు ఈ నెలాఖరుతో సరి. ఏడాదంతా గీకిన పాపాన పోలేదు. ఇవాళ మొత్తం వసూలు చేసెయ్యాలి.”

బావమరిది ఆయనకు ‘వసూలు బావ’ అని పేరు పెట్టింది ఇందుకే. హోటల్ గదికి డబ్బు కట్టాడంటే సబ్బుతో సహా ఇంటికి రావలసిందే.

“మీ వసూళ్లు తగలెయ్య. అమ్మాయి నాటకం ఆరింటికి. పోయినసారి ముందు వరసలో మీకని ఉంచిన కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ఈసారీ అంతే అయితే ఇంకెప్పుడూ నాన్నని పిలవనంది.”

“ఈసారి ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. చూస్తుండు.”

లాంజ్ తలుపు మీద ఏదో రాసి ఉంది. బావ చూపు దాన్ని దాటుకుని నేరుగా లోపలి వంటకాల మీద వాలింది.

లాంజ్ అంటే ఆయన లెక్కలో లాంగ్‌గా లంచ్ చేసే చోటు. సూపులో దిగి, నూడుల్స్‌లో చిక్కుకుని, కేకు దగ్గర ఒడ్డుకు చేరాడు. చేరాక కిటికీ పక్కన వాలుకుర్చీ కనబడింది. కాళ్లు చాపుకోవచ్చు. వీపు నొక్కే మీట కూడా ఉంది. గదంతటికీ అలాంటిది అదొక్కటే.

వాలిపోయాడు.

“నీది ఏ విమానం బాబూ, దయచేసి చెప్తావా?”

కళ్లు తెరిచాడు. ఎదురుగా నెరిసిన జుట్టు పెద్దావిడ. చేతిలో పళ్లెం లేదు, పక్కన పెట్టె లేదు.

మామూలు మాటల్లో ‘దయచేసి’ అనేవాళ్లు ఇంకా ఉన్నారా? పైగా ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది.

“ఎందుకండీ?”

“ఎప్పుడు లేవాలో కనుక్కుందామని.”

బావకు అర్థమైపోయింది. తను లేస్తే ఈ కుర్చీలో కూర్చోవాలని ఈవిడ ఎత్తు. తనది మధ్యాహ్నం విమానమని నిజం చెబితే ఇక్కడే కాపు కాస్తుంది.

“సాయంత్రం విమానమండీ. ఆఖరిది.”

“అయితే హాయిగా పడుకో నాయనా. నేనున్నాగా.”

కార్డు సభ్యత్వం ఇస్తుంది గాని సభ్యత ఇవ్వదు కదా. బావ ఒంటికన్ను మూసి, రెండో కన్నుతో ఆవిణ్ణి కనిపెట్టి చూస్తున్నాడు.

ఆవిడ ప్రతి కుర్చీ దగ్గరా ఆగి అదే ప్రశ్న అడుగుతోంది. గోడ మీద విమానాల వేళలు చూపే తెర చూస్తోంది. మూలన టై కట్టుకుని గురక పెడుతున్నాయన భుజం తట్టింది.

“లే నాయనా, నీ విమానం పిలుస్తున్నారు.”

అతను పెట్టె లాక్కుని పరిగెత్తాడు. సోఫా ఖాళీ అయింది. ఆవిడ మాత్రం కూర్చోలేదు.

తినదు, కూర్చోదు. మరి ఈవిడ ఏం వసూలు చేసుకుంటున్నట్టు?

ఇటు రాగానే ఉండబట్టలేక అడిగాడు. “మీది ఏ కార్డండీ?”

“కార్డేం లేదు బాబూ. పాత పరిచయం కొద్దీ రానిస్తారు.”

“మీ గొంతు ఎక్కడో విన్నాను. బ్యాంకులో చేసేవారా?”

“లేదు.”

“మా అమ్మాయి స్కూల్లో టీచరా?”

ఆవిడ నవ్వింది. “అది సరేగాని, నీది సాయంత్రమేగా?”

ఇప్పుడు మాట మారిస్తే కుర్చీ మారాలి.

“సాయంత్రమే” అన్నాడు.

అయినా విమానం ఎక్కమని మైకులో పిలుస్తారుగా, అప్పుడు లేవచ్చు. మీట నొక్కాడు. వీపు మీద మర్దన, పొట్టలో నూడుల్స్. ఇక రెండో కన్ను కూడా మూతపడింది.

మెలకువ వచ్చేసరికి కిటికీలోని ఎండ మోకాళ్ల మీదికి పాకింది. తెర మీద తన విమానం పక్కన ఎర్రక్షరాలు. గేటు మూసేస్తున్నారు.

“అదేమిటండీ, మైకులో పిలవనే లేదు.”

పెద్దావిడ మొహం పాలిపోయింది. “నీది ఈ విమానమా? ఇక్కడ పిలుపులు వినిపించవు బాబూ, నిశ్శబ్దంగా ఉండాలని ఆపేశారు. తలుపు మీద రాశారుగా. సాయంత్రమన్నావని నిన్ను లేపలేదు.”

పరిగెత్తాడు. పొట్టలో సూపు కూడా వెంట పరిగెత్తింది.

అద్దం అవతల విమానం మెల్లగా వెనక్కి జరుగుతోంది.

“చాలాసార్లు పిలిచాం సార్” అంది గేటు దగ్గరి అమ్మాయి. “ఇంక సాయంత్రం విమానమే. ఆఖరిది. దానికి మార్చమంటారా?”

తను ఆడిన అబద్ధాన్ని ఆ అమ్మాయి నిజం చేసి చేతికిస్తోంది. అది దిగేసరికి నాటకంలో తెర కూడా దించేస్తారు.

ఫోన్ మోగింది. కూతురు.

“నాన్నా, ఎక్కేశారా? మీ కుర్చీలో ఎవరూ కూర్చోకుండా నా శాలువా వేసి ఉంచాను.”

“అమ్మా...” అన్నాడు.

అంతలో పైకప్పులోంచి ఒక గొంతు మోగింది. “ప్రయాణికులు దయచేసి గమనించండి. ఇదే చివరి పిలుపు.”

అదే ‘దయచేసి’.

ఫోన్ చెవి దగ్గరే ఉంది. బావ తలెత్తి మైకు వంక చూశాడు. “ఈ గొంతు... లాంజ్‌లో ఒక పెద్దావిడ...”

“ఆవిడదే సార్, అప్పట్లో రికార్డు చేసింది” అంది గేటు అమ్మాయి. “రిటైరై చాలా కాలమైంది గాని, లాంజ్‌లో తన పిలుపు వినిపించక ఎవరి విమానం తప్పిపోతుందోనని ఇప్పటికీ వచ్చి, ఒక్కొక్కరినీ అడిగి మరీ లేపుతుంటారు.”