యల్లమ్మ తరఫున

“సుమిత్ర?”

“హాజర్,” అన్నాడు వీరేష్ మీసం దువ్వుకుంటూ.

“రాజమ్మ?”

“నేనే,” అని వెనక వరసలో ఒక బట్టతల లేచి మళ్లీ కూర్చుంది.

“చేర్మన్ యల్లమ్మ?”

“యల్లమ్మ తరఫున నేనొచ్చిన. ఆమె పెనిమిటిని, సిద్ధరాములును.”

అశోక్ చౌక్ హాల్లో గోడకు కట్టిన గుడ్డ మీద ‘మహిళా కమిటీ సభ్యులకు నాయకత్వ శిక్షణ’ అని రాసి ఉంది. దాని ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. భార్య ఏదని అడిగితే తలనొప్పి అని చెబుదామని సిద్ధరాములు దారి పొడవునా అనుకుంటూ వచ్చాడు. శిక్షణ ఇచ్చే ఆరతి ఆ ప్రశ్నే అడగలేదు. లోకం తెలిసిన పిల్ల అనుకున్నాడు.

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో వాళ్ల హౌసింగ్ సొసైటీకి ఎన్నికలు వచ్చినప్పుడు మగవాళ్లు రెండు ముఠాలై చొక్కాలు చింపుకున్నారు. చివరికి ఎవరి పరువూ పోకుండా అందరూ భార్యల పేర్లిచ్చి కమిటీ వేశారు. అప్పటినుంచి పిలుపులు భార్యలకు వస్తాయి, భర్తలు వెళతారు. టీ, బిస్కెట్లు కూడా వాళ్లే భార్యల తరఫున ముగించి వస్తారు.

“ఫోన్లు ఈ డబ్బాలో వేయండి కాకా,” అంది ఆరతి. “సాయంత్రం సర్టిఫికెట్లతో పాటు ఇస్తా. నడుమ పోయినోళ్లకు సర్టిఫికెట్ లేదు.”

సర్టిఫికెట్ అన్నాక ఎవరూ కదల్లేదు.

సిద్ధరాములు మనసు మాత్రం సొసైటీ పంపు గది వెనకున్న ఖాళీ జాగా మీదే ఉంది. ఆయన మేస్త్రీగా పనిచేసే పవర్‌లూమ్ షెడ్డు యజమాని విఠల్ సేటు, నూలు గోదాముకు ఆ జాగా అడిగాడు. రేపు కమిటీతో ఠరావు పాస్ చేయించి, ఆ తీర్మానం కాగితం మీద యల్లమ్మ చేత సంతకం పెట్టిస్తానని సిద్ధరాములు మాటిచ్చాడు. యల్లమ్మ ససేమిరా అంటోంది. తల్లులు పనికి పోయినప్పుడు పిల్లల్ని చూసుకునే పాలణాఘర్ అక్కడ కట్టాలని ఆమె పట్టు. సేటుకు ఏం మొహం చూపించాలా అని సిద్ధరాములుకు దిగులు.

“ఇప్పుడొక చిన్న నాటకం,” అంది ఆరతి. “సిద్ధరాములు కాకా, మీరు యల్లమ్మ. వీరేష్ కాకా, మీరు ఆమె మొగుడు. కాగితం మీద సహీ అడగండి.”

వీరేష్ ఛాతీ విరిచాడు. “ఏయ్, సహీ చెయ్యి.”

“ఎక్కడ చెయ్యాలె?” అన్నాడు సిద్ధరాములు.

హాలంతా గొల్లుమంది. ఆరతి నవ్వలేదు.

“యల్లమ్మ గట్లనే అంటదా కాకా? మళ్లా చెయ్యండి.”

“సహీ చెయ్యి,” అన్నాడు వీరేష్.

“చెయ్య.”

“ఎందుకు చెయ్యవ్?”

సిద్ధరాములుకు రోజూ పొద్దూకితే ఇంట్లో వినే మాటలు వాటంతటవే వచ్చేశాయి. “గా జాగల పిల్లలను సూసుకునేటందుకు ఇల్లు గట్టాలె. ఇంట్ల సూసేటోళ్లు లేకనే గద మయూరి పోరన్ని సంకనేస్కొని నూలు సుట్టే కండెల మిషన్ కాడికి పోయింది? పోరని ఏలు నలిగిపాయె. నూలు తడిస్తె ఆరుతది. ఏలు మళ్ల మొలుస్తదా?”

మయూరి వీరేష్ కోడలు. మొగుడి వేషంలో ఉన్న వీరేష్ అనవలసిన మాట మరిచిపోయి, చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తన నోటినుంచే విన్నాక ఆ మాట సిద్ధరాములుకు గుండెలో కలుక్కుమంది. తేలు కుట్టిన దొంగలా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇది నాటకమే కదా అని తనకు తానే రెండు సార్లు చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ పెట్టారు. ఆ తర్వాత ఆడవాళ్ల హక్కుల మీద ప్రశ్నలు అడిగితే మగవాళ్లు పోటీలు పడి జవాబులు చెప్పారు. కమిటీ మీటింగ్ పిలిచే అధికారం ఎవరిదంటే “చేర్మన్‌ది!” అని అందరికంటే గట్టిగా అరిచింది సిద్ధరాములే. సాయంత్రం యల్లమ్మ పేరున సర్టిఫికెట్ అందుకుని ఫొటో కూడా దిగాడు.

అందరూ ఆటోల్లో ఘర్కుల్ చేరేసరికి సొసైటీ ఆఫీసు ముందు ఆడవాళ్లు కుర్చీలు మడుస్తున్నారు. యల్లమ్మ కుళాయి దగ్గర టీ గ్లాసులు కడుగుతోంది.

“ఏందిదంత?” అన్నాడు సిద్ధరాములు.

“మీటింగ్ అయింది. పాలణాఘర్ ఠరావు పాసైంది. అందరం సహీలు చేసినం.”

“నాకు చెప్పకుండనా?”

“మెంబర్లందరికి చెప్పిన. నువ్వు మెంబరువు కావు గదయ్యా.”

సిద్ధరాములు వీరేష్ వైపు చూశాడు. తనకు తోడుగా పోట్లాటకు వస్తాడనుకున్న వీరేష్, మయూరి చేతిలోని మనవణ్ని ఎత్తుకుని మెల్లగా ఇంటి దారి పట్టాడు. ఇక కోపం చూపించడానికి సిద్ధరాములుకు ఆరతి ఒక్కతే మిగిలింది.

“అంత ఆ పొల్లే చేసింది! ఆడోళ్ల ట్రైనింగ్‌ల మొగోళ్లను పొద్దంత కూసోబెడ్తదా? మమ్మల్ని అప్పుడే వాపస్ తోలొద్దా?”

“ఆడోళ్ల పేర్లు రాస్తెనే గద మొగోళ్లు పోయేది,” అంది యల్లమ్మ ఆఖరి గ్లాసు బోర్లిస్తూ. “ఆ ట్రైనింగ్ మీ మొగోళ్లకే పెట్టించిన.”