ఉప్పుకాగితం అక్షరాలు

ఒక మాట ముందే ఒప్పేసుకుంటున్నాను: రూతమ్మ టీచరు సంచీ చూస్తే ఎవరైనా ఆవిణ్ణి వడ్రంగి అనుకుంటారు. కత్తెర, జిగురు, అట్టముక్కలు, చుట్టలు చుట్టిన ఉప్పుకాగితం. డెబ్భై ఎనిమిది వేసవిలో విశాఖపట్నం వెళ్లి శిక్షణ పొంది, ఆవిడ గుణుపురం బడికి తెచ్చిన విద్యంతా అందులోనే ఉంది.

"దీంతో సెక్కలు నున్నగా సేత్తారు. పిల్లల్ని కూడా సేత్తారేటి టీచరమ్మా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మల్లేశు. మునిసిపాలిటీలో కుళాయిలు బాగుచేస్తాడు. కూతురు సూర్యావతిని బడి మాన్పించడానికి వచ్చాడు. ఆ పిల్ల మూడో తరగతి రెండోసారి తప్పింది.

"దానికి తెలివి లేక కాదు మల్లేశూ. అక్షరాలు దాని కంటికి నిలవవు. దీన్ని డిస్లెక్సియా అంటారు."

"పేరెట్టేత్తే తగ్గిపోద్దేటండి? నాకూ అంతే. అచ్చరాలు సీమల్లాగ పాకీసేవి. మేస్టారి సింతబరిక ఇరిగిపోయింది గానీ నాకు ఒక్కటీ ఎక్కలేదు. నా బుర్రే దానికొచ్చింది. రాయగడలో మా అప్పకి, అదే దీని మేనత్తకి, సంటిపిల్లోడున్నాడు, అక్కడికంపేత్తే ఆడ్ని ఆడించుకుంటాది."

"దసరా సెలవులిచ్చేదాకా ఆగు. అప్పటికి ఒక్క పేజీ చదవకపోతే నేనే బస్సెక్కిస్తాను."

మల్లేశు సరేనన్నాడు. కూతురి బట్టల సంచీ మాత్రం మర్నాటికే సర్ది ఉంచాడట.

రూతమ్మ ఉప్పుకాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి అట్టలకు అతికించింది.

"కళ్లు మూసుకో అమ్మీ. వేలితో దిద్దుతూ పలుకు. మెల్లగా, మెల్లగా. గట్టిగా రుద్దితే వేలి తోలు లేచిపోద్ది."

కంటికి నిలవని అక్షరాలు ఒక్కొక్కటే వేలికి నిలవసాగాయి.

ఇంట్లో దిద్దుకోమని కొన్ని అట్టలు ఇచ్చి పంపేది. చిక్కు అక్కడే వచ్చింది. కొన్ని తిరిగొచ్చేవి కావు. వచ్చినవి గరుకంతా పోయి అద్దంలా ఉండేవి.

"నువ్వే ఇంతలా అరగదీశావా?"

"నేను కాదండి." సూర్యావతి తల దించుకుంది. "నాన్న లాక్కుంటన్నాడు. ఎవరికీ సెప్పొద్దన్నాడు."

రూతమ్మకు ఒళ్లు మండింది. కూతురికి చదువొస్తే తన మాట పోతుందని, అట్టల్ని గచ్చుకేసి రుద్దేస్తున్నాడన్నమాట. నిలదీస్తే ఆ రోజే పిల్లను మాన్పించేస్తాడని ఊరుకుంది. మళ్లీ కత్తిరించింది, మళ్లీ అతికించింది. తిండి బెల్లు కొట్టాక కూడా పిల్లను పక్కన కూర్చోబెట్టుకునేది.

సెలవులకు ముందురోజు మల్లేశు భుజాన బట్టల సంచీతో వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, కూతురి వెనకాల నిలబడ్డాడు. రూతమ్మ ఆ పిల్ల ఎన్నడూ చూడని పుస్తకం తెరిచింది. సూర్యావతి గాల్లో వేలితో దిద్దుతూ, ఆగుతూ, తడుముకుంటూ చదవసాగింది. వెనక మల్లేశు పెదవులు కదులుతున్నాయి. తిట్టుకుంటున్నాడనుకుంది రూతమ్మ.

పేజీ అయిపోయింది. రూతమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

"విన్నావు కదా, ఇంక ఆ సంచీ విప్పెయ్. నా అట్టలేమైనా మిగిలితే అవీ ఇచ్చెయ్. కన్నకూతురి చదువు మీద అంత కక్షేమిటయ్యా నీకు?"

మల్లేశు సంచీ విప్పాడు. అందులోంచి, పాతగుడ్డలో పదిలంగా చుట్టిన అట్టలు తీసి రెండు చేతులా అందించాడు. ఏళ్ల తరబడి కుళాయిలు బిగించే పానాలు పట్టి కాయలు కాసిన చేతులవి.

కుడిచేతి చూపుడువేలి కొసన తోలు లేచిపోయి ఉంది.