కళ్లు మూస్తే డిలీట్

“మెడల గంత పెద్ద కెమెరా ఏసుకున్నవ్. ఇంటామె ఫోటో ఒక్కటి లేదంటవేంది పెద్దాయనా?”

హెడ్ కానిస్టేబుల్ ఎల్లేష్ పెన్ను బల్ల మీద పడేశాడు. నాంపల్లిలో రోడ్డు మీది హారన్ల మోత స్టేషన్ లోపలికి వినబడుతోంది.

“ఉండె సార్. పోయినయ్,” అన్నాడు జార్జి.

“ఎవడన్న ఎత్తుకపోయిండా?”

“లేదు. ప్రోగ్రాం తీసేసింది.”

“ఎవని ప్రోగ్రాం?”

“నేను రాసిందే.”

ఎల్లేష్ అతన్ని ఎగాదిగా చూశాడు. “ఆధార్ కార్డన్న తేకపోతివి.”

“అది డోరా సంచిలనే ఉన్నది సార్. అఫ్జల్‌గంజ్‌ల దవాఖానకు పోతూ పట్టుకపోయింది. ఫోన్ ఇంట్లనే మరిచింది. గాడికి పోయి అడిగిన. చూపించుకొని నిన్న మధ్యాహ్నమే ఎల్లిపోయిందన్నరు. ఇంటికైతే రాలే.”

“చుట్టాల ఫోన్లల్ల లేవా ఫోటోలు?”

“మా ఇంట్ల ఫోటోలన్నీ నేనే తీస్త సార్. ఇంకొకల్లను తియ్యనియ్య.”

“మంచిగున్నది! చామనఛాయ, నీలం చీర అంటే శహరంత గట్లనే ఉంటరు. ఏమని ఎతకాలె? పోయి ఒక్క ఫోటో పట్టుకరా.”

జార్జి ఆబిడ్స్ దిక్కు నడిచాడు. దారిపొడవునా కెమెరాను తిట్టాడు, అందులోని మెమరీ కార్డును తిట్టాడు, కంప్యూటర్‌ను తిట్టాడు. తిట్టకుండా మిగిలింది తనొక్కడే.

ఫ్లాష్ పడితే చాలు, డోరా కళ్లు మూసుకుంటుంది. ‘కళ్లు మూశారు’ అని కెమెరా కూడా పితూరీ చెబుతుంది. “అందరు కళ్లు తెరిచి ఫోటో దిగుతరు. నువ్వు నిద్రపోతవ్!” అని కసిరేవాడు జార్జి. “వెలుగు గుచ్చుతున్నదయ్యా,” అనేది ఆమె. అట్లాంటి ఫోటోలను ఏరిపారేయడానికి కొన్న సాఫ్ట్‌వేర్లు అతని మాట వినలేదు. ఒకటి నవ్విన వాళ్లందరినీ నిద్రలో ఉన్నట్టు లెక్కగట్టింది. ఇంకొకటి గోడ గడియారాన్ని మనిషి మొహం అనుకుంది. జార్జికి పంతం వచ్చింది. కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. సొంతంగా రాశాడు. కళ్లు మూసిన ఫోటో కనబడితే చెరిపెయ్, అంతే.

అది నిన్న పొద్దున తప్పు లేకుండా పనిచేసింది. డోరా ఉన్న ఫోటో ఒక్కటీ మిగల్లేదు.

ఆబిడ్స్‌లో, మొబైల్ దుకాణాల పైఅంతస్తులో, పోయిన డేటా తిరిగి తీసిచ్చే సంహిత కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

“హార్డ్ డిస్క్ తేలేదా అంకుల్?”

“అది లాభం లేదమ్మా. మళ్ల రాకుండ తుడిచెయ్యమని రాసిన.”

“గట్ల ఎవరన్న రాస్తరా?”

“తెలిసినోళ్లు రాస్తరు,” అన్నాడు జార్జి చేదుగా. “కార్డుల మాత్రం ఫోటోలు చెరిగినయ్ గని, తుడుసుడు సగంల ఆపిన.”

సంహిత కార్డు పెట్టింది. తెర మీద పచ్చ గీత జరిగింది, ఆగింది. “నడువు, నడువు,” అని జార్జి బల్ల మీద వేళ్లతో కొట్టాడు. గీత ఇంకాస్త జరిగింది. ఫోటోలు ఒక్కటొక్కటే పైకి తేలాయి. చర్చిలో ప్రార్థన. ఎవరిదో పుట్టినరోజు కేకు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ముందు నిలబడ్డ డోరా.

“ఆంటీ అన్నిట్ల కళ్లు మూసుకునే ఉన్నది. ప్రార్థనల అంటే సరే, కేకు కాడ గూడనా? కళ్లకేమన్న బీమారి ఉన్నదా అంకుల్?”

“నిన్న కళ్ల డాక్టర్ దగ్గరికే పోయింది.”

“ఒక్కతేనా? కంట్ల చుక్కలేస్తరు కదా! మా నాయనకైతే సాయంత్రం దాంక ఏం కానరాలే. చెయ్యి పట్టుకొని తోల్కొచ్చిన.”

“నన్ను రమ్మన్నది.”

“మరి?”

“ప్రోగ్రాం నడుస్తున్నది, నడుమ లేస్తే ఎట్ల అన్న.”

సంహిత నుమాయిష్ ఫోటోను పెద్దది చేసింది. మెల్లగా అంది: “కళ్లు తెరిచినట్టు చేసియ్యనా? కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటున్నది. అదే కళ్లు పెడ్తది.”

సాఫ్ట్‌వేర్ అంటే జార్జి వద్దనడం అదే మొదలు.

“వద్దమ్మా. అవి డోరా కళ్లు కావు.”

ప్రింటు తడి ఆరకముందే అతను మళ్లీ స్టేషన్‌లో ఉన్నాడు. ఎల్లేష్ అతన్ని చూసి కుర్చీలోంచి లేచాడు. జార్జి ఫోటో చాపాడు.

“కళ్లు మూసుకొని ఉన్నది సార్. గుర్తుపట్టుడు కష్టమే. ఇంతకన్న మంచిది దొరకలే.”

ఎల్లేష్ చూశాడు. చాలాసేపు చూశాడు. ఇందాకటి వెటకారం గొంతులో లేదు.

“కూసోండ్రి సార్.”

“దీంతోని పని కాదా?”

“అయితది సార్.” ఎల్లేష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. “మీరు పోయినంక అఫ్జల్‌గంజ్ ఠాణా నుంచి ఒక ఫోటో పంపిన్రు. నిన్న రోడ్డు దాటుతుంటే బస్సు వచ్చుడు కానరాలేదేమో అంటున్నరు. సంచి ఎవడో ఎత్తుకపోయిండు. పేరు దొరకలే.”

అతను తన ఫోన్ తీసి, నుమాయిష్ ఫోటో పక్కన బల్ల మీద పెట్టాడు.

అందులోనూ డోరా కళ్లు మూసుకునే ఉంది.