వదిన మొదటి కమిట్

“నిన్న సాయంత్రం బాగానే పనిచేసింది. పొద్దున్నే ఏవేవో మార్చాను, మొత్తం ఆగిపోయింది!” అంది వదిన ఏడుపు గొంతుతో.

పదేళ్లు ఇంటిపట్టున ఉండి మళ్లీ ఉద్యోగంలో చేరిందామె. ఒక ఆసుపత్రి కోసం రాస్తున్న ఆ ప్రోగ్రాంని, అయినంతవరకు, మధ్యాహ్నం వాళ్లకు చూపించాలి.

“నిన్న కమిట్ చేసి దాచిన ప్రోగ్రాం ఉంటుందిగా, దానికి వెనక్కి వెళ్దాం,” అంది పక్క సీట్లో పనిచేసే ఆడపడుచు.

“లేదు. చేరిన ఈ తొమ్మిది రోజుల్లో ఒక్క కమిట్టూ చెయ్యలేదు.”

“అదేంటి వదినా?”

“సగం సగం పని కమిట్ చేస్తే ఆఫీసులో అందరూ చూస్తారుగా! ఇన్నాళ్లు ఇంట్లో కూర్చుంది, దీనికేం వచ్చులే అనుకోరూ?”

ఆడపడుచు తన స్క్రీన్ ఇటు తిప్పింది. నిన్న ఒక్కరోజే పదకొండు కమిట్లు, ఒక్కోదాని పక్కన తను రాసుకున్న ముక్క. ‘తప్పు దిద్దాను.’ ‘దిద్దిందే తప్పు.’ ‘ఈసారి ఒట్టు.’

వదిన పకపకా నవ్వేసింది. “నీకూ తప్పులొస్తాయా?”

“రోజూ! అందుకే చిన్న ముక్క పనిచేసినా వెంటనే కమిట్ చేస్తా. చెడితే అక్కడిదాకా వెనక్కొస్తే చాలు.”

పొద్దున్న ఏం మార్చిందో ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ, ఇద్దరూ గంటలో సరిచేశారు. వదిన గుండె చిక్కబట్టుకుని, ‘ఇంకా సగమే అయింది’ అని రాసి కమిట్ నొక్కింది.

బెరుగ్గా చుట్టూ చూసింది. ఎవరూ తలెత్తలేదు. ఎవరి తప్పులతో వాళ్లు తంటాలు పడుతున్నారు.